పాఠకుల ప్రశ్నలు: గోడతో పాటు గేటూ తెరవాలి

ప్రశ్న: మాదాపూర్‌లో మాకు అరవై మంది పనిచేసే ఇంటీరియర్ డిజైన్ కార్యాలయం ఉంది. రిసెప్షన్ నుంచి మీటింగ్ హాలు దాకా పొడవైన గోడలు ఖాళీగా ఉన్నాయి. లలితకళల కళాశాలల నుంచి కొత్తగా వచ్చిన చిత్రకారుల చిత్రాలను, మూడు నెలలకొక ప్రదర్శన చొప్పున, అక్కడ పెట్టాలనుకుంటున్నాము. అద్దె గాని కమీషన్ గాని తీసుకోము. ఇంకా ఏయే ఏర్పాట్లు చేయాలో చెప్పగలరు.
— ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీ సంకల్పం మెచ్చుకోదగినది. మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన సరోజినీ నాయుడు కళల స్కూలు నుంచి ఏటా చిత్రకారులు, శిల్పులు, ప్రింట్‌మేకర్లు పట్టాలు పుచ్చుకుని బయటికి వస్తున్నారు. కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ గాని, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్‌లలోని ప్రైవేటు గ్యాలరీలు గాని వారందరికీ చోటు ఇవ్వలేవు. గ్యాలరీకి ఎంతో కొంత పేరున్న చిత్రకారుడు కావాలి. ఆ పేరు రావాలంటే ముందుగా ఎక్కడో ఒకచోట ప్రదర్శన జరగాలి. ఈ రెంటి నడుమ ఇరుక్కున్న వారికి మీ వంటి కార్యాలయాలు నిజంగా ఆసరా కాగలవు.

అయితే గోడ ఇవ్వడం ఇందులో చిన్న భాగమని, ఆ గోడ దగ్గరికి ఎవరు రాగలరన్నదే అసలు సంగతి అని నా నిశ్చితాభిప్రాయం. మన ఐటీ ప్రాంతపు భవనాలలో గేటు దగ్గరి రిజిస్టరును ఒకసారి చూడండి. పేరు, ఫోను నంబరు, వచ్చిన వేళ, ఆ తర్వాత ‘ఎవరిని కలవాలి’ అనే గడి ఉంటుంది. చిత్రాలు చూడడానికి వచ్చిన విద్యార్థిని గాని, పత్రికలో చదివి వచ్చిన రిటైర్డు ఉపాధ్యాయుడు గాని ఆ గడిలో ఏమి రాయాలో తోచక తటపటాయిస్తారు; సెక్యూరిటీ గార్డు పైకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు; వచ్చినవారు వెనుదిరిగి పోతారు. ఆ ప్రదర్శన మీ ఉద్యోగులకు గోడ అలంకరణగా మిగిలిపోతుంది తప్ప, చిత్రకారునికి కొత్త ప్రేక్షకుడు ఒక్కడైనా దొరకడు. కాబట్టి వారంలో కనీసం ఒక రోజు, వీలైతే శనివారం, ఫలానా వేళకు ఎవరైనా రావచ్చని ప్రకటించండి. ఆ గడిలో రాయవలసిన పేరు మీ సిబ్బందిలో ఒకరిది ముందే నిర్ణయించి, గేటు దగ్గర రాసి పెట్టించండి. భవనం మీది కాకపోతే, యాజమాన్యం నుంచి ఈ మేరకు అనుమతి తీసుకున్న తరువాతనే చిత్రకారునికి తేదీ చెప్పండి.

గేటు దగ్గరే మరొక చిక్కు ఉంది. లోపలికి వచ్చేటప్పుడు చిత్రాల వివరాలు నమోదు కాకపోతే, ప్రదర్శన ముగిసిన రోజున వాటిని బయటికి పోనివ్వరు. చిత్రకారుని పేరు, చిత్రాల సంఖ్య, కొలతలతో రిటర్నబుల్ గేట్ పాస్ (తిరిగి బయటికి తీసుకుపోయే వస్తువులకు రాసే చీటీ) మొదటి రోజే రాయించండి.

ఇక గోడల విషయం. చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తున ఉంటే నిలబడి చూసేవారి కంటికి సరిగ్గా అందుతుంది. మన కార్యాలయాలలో సోఫాల పైన, తల ఎత్తి చూడవలసినంత ఎత్తున తగిలించే అలవాటు మానుకోవాలి. వెలుతురు ఇంకా ముఖ్యం. నీటిరంగుల చిత్రాలకు, కాగితం మీద వేసిన ప్రింట్లకు మ్యూజియములు 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించిన కాంతి పడనివ్వవు. కార్యాలయాలలో బల్లల దగ్గర సాధారణంగా 300 నుంచి 500 లక్సులు ఉంటాయి. పడమటి ఎండ తగిలే అద్దాల గోడకు ఎదురుగా అయితే అంతకు ఎన్నో రెట్లు. కాగితం మీది పనిని లోపలి వరండాలో పెట్టి, కిటికీలకు ఎదురుగా ఉన్న చోటును నూనెరంగుల, అక్రిలిక్ చిత్రాలకు కేటాయించండి. ఎండ నేరుగా పడే చోట ఏదీ వద్దు. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు కూడా పనికిరాదు.

బీమా సంగతి చాలామంది మరచిపోతారు. మామూలు అగ్నిప్రమాద బీమా పాలసీలలో పదివేల రూపాయలకు మించిన కళాఖండాలు, ఇతరుల తరఫున మీ దగ్గర ఉంచుకున్న వస్తువులు, ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, లెక్కలోకి రావు. మీ ఏజెంటుతో మాట్లాడి, ప్రదర్శన జరిగే నెలలకు వాటిని చేర్పించండి.

కమీషన్ వద్దనుకోవడం మంచిదే. గ్యాలరీలు సాధారణంగా అమ్మకపు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి. కాని గ్యాలరీ ఆ డబ్బుకు బదులు కొనుగోలుదారులను వెతికి తెస్తుంది. కమీషన్ తీసుకోనంత మాత్రాన ఆ పని మీకు తప్పదు. మీ కార్యాలయానికి వచ్చేవారిలో ఎక్కువమంది కొత్త ఇల్లు అలంకరించుకోబోతున్నవారు. చిత్రకారునికి అంతకన్న దగ్గరి కొనుగోలుదారు ఎక్కడ దొరుకుతాడు? ప్రతి చిత్రం పక్కన పేరు, మాధ్యమం, కొలతలతో పాటు ధర కూడా మొహమాటం లేకుండా రాయండి. ప్రతి ప్రదర్శన నుంచి ఒక చిత్రం మీరే కొనండి అని కూడా నా మనవి. బొంబాయిలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ గోడల మీద చిత్రాలు పెట్టించిన కాలంలోను, ఎయిర్ ఇండియా తన కార్యాలయాల కోసం 1950లలో బి. ప్రభ వంటి అప్పటి కొత్త చిత్రకారుల పనిని సేకరించిన కాలంలోను, ఆ సంస్థలు గోడలు చూపించి ఊరుకోలేదు, చిత్రాలు కొన్నాయి. మొదటి ప్రదర్శనలో ఒక చిత్రమైనా అమ్ముడుపోవడం ఆ వయసులో ఎంత ధైర్యాన్ని ఇస్తుందో, రంగులకు, కాన్వాసుకు, ఫ్రేములకు అప్పు చేసిన వారికే తెలుసు.

ప్రశ్న: బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) పూర్తి చేసి చిత్రాలు వేస్తున్నాను. ఒక సంస్థ తన కార్యాలయంలో నా చిత్రాలు పెడతామని అడిగింది. డబ్బు ఇవ్వరట, ‘మీకు ప్రచారం వస్తుంది కదా’ అంటున్నారు. ఆ చిత్రాలను తమ క్యాలెండరు మీద, వెబ్‌సైటులో కూడా వాడుకుంటారట. ఒప్పుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మొదటి దానికి ఒప్పుకోవచ్చునమ్మా, రెండవ దానికి ఊరికే ఒప్పుకోవద్దు. ప్రదర్శన వేరు, ముద్రణ వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రాన్ని కొన్నవారికి కూడా, మీరు రాసి ఇస్తే తప్ప, దానిని అచ్చు వేసుకునే హక్కు రాదు. కొననివారికి అసలే రాదు. హక్కును బదిలీ చేయాలంటే సంతకం చేసిన కాగితం ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతా అని చట్టం భావిస్తుంది. అందుచేత ‘ఫలానా ఏడాది క్యాలెండరుకు, ఫలానా మూడు చిత్రాలు, ఇన్ని ప్రతులు, ఇంత రుసుము’ అని విడిగా రాయించుకోండి. ప్రదర్శనను తెలియజేసే ఆహ్వానంలో ఒకటి రెండు చిత్రాలు మీ పేరుతో వేస్తే అభ్యంతరం చెప్పనక్కరలేదు.

ప్రదర్శనకు డబ్బు ఇవ్వకపోయినా, చిత్రాల రవాణా, తగిలించే మనిషి కూలి, బీమా సంస్థ భరించాలని అడగండి. ఇలా అడిగితే అవకాశం చేజారుతుందని భయపడకండి. ప్రదర్శన మనస్ఫూర్తిగా జరపాలనుకునేవారు ఈ మాత్రం ఖర్చుకు వెనకాడరు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. చిత్రకారులకు ప్రత్యేక హక్కులు ఇచ్చిన అదే చట్టపు 57వ సెక్షను, చిత్రకారునికి తృప్తి కలిగేలా ప్రదర్శించకపోవడం హక్కుల ఉల్లంఘన కాదని స్పష్టంగా చెబుతోంది. మీ చిత్రాన్ని ఫొటోకాపీ యంత్రం వెనుక తగిలిస్తే చట్టం మీకు సాయం రాదు. ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ చిత్రం అన్నది ముందుగా రాసుకున్న ఒప్పందమే మీకు రక్ష.

ప్రశ్న: మా కో-వర్కింగ్ కేంద్రంలో ఒక యువ చిత్రకారిణి చేత గోడ మీద పెద్ద చిత్రం వేయించాము. మరమ్మతులలో ఆ గోడ తీసివేయవలసి వస్తోంది. ఆమె అనుమతి అవసరమా?
— ఒక పాఠకుడు, బేగంపేట

జవాబు: గోడ మీ సొంతమే అయినా ఆమెతో మాట్లాడకుండా ముందుకు పోవద్దు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి, గోదాములో పడవేసి పాడుచేసినందుకు ఢిల్లీ హైకోర్టు 2005లో ప్రభుత్వం చేత అయిదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించి, మిగిలిన భాగాలను ఆయనకే అప్పగించమన్నది. 2019లో అదే కోర్టు, కూల్చివేసిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఢిల్లీ ప్రదర్శనశాల విషయంలో, స్థల యజమాని కట్టడాన్ని పూర్తిగా తొలగించుకోవడాన్ని వాస్తుశిల్పి అడ్డుకోలేడని తీర్పు చెప్పింది. అది భవనానికి సంబంధించిన తీర్పు, చిత్రానికి కాదు. దానిని చూపి చిత్రాన్ని సగం చెరిపి సగం ఉంచడం, దాని మీద కంపెనీ లోగో వేయించడం మాత్రం చేయకండి. పని మొదలుపెట్టడానికి నెల రోజుల ముందే ఆమెకు ఉత్తరం రాయండి, మంచి ఫొటోగ్రాఫరు చేత చిత్రాన్ని పూర్తిగా తీయించి ఆ ఫైళ్ళు ఆమెకు ఇవ్వండి, కొత్త గోడ కడుతున్నట్లయితే దానిమీద వేసే పనికి మొదటి పిలుపు, తగిన పారితోషికంతో, ఆమెకే పంపండి.