ఇంటిపనిలో విశ్వాసపాఠాలు

ప్రశ్న: అయ్యగారూ, ఇంటిపనులతో బైబిలు చదివే తీరిక దొరకడం లేదు. రోజూ జరిగే చిన్న విషయాలలోనే విశ్వాసపాఠాలు వెదకవచ్చా?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, తప్పక వెదకవచ్చు, యేసు ప్రభువు బోధించిన తీరే అది. మత్తయి 13:33లో ఆయన పరలోకరాజ్యాన్ని, ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండితో, అంటే పిండినంతా పులియజేసే ముద్దతో, పోల్చారు. లూకా 15వ అధ్యాయంలో, పోయిన నాణెం కోసం దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, అది దొరికినప్పుడు పొరుగువారిని పిలిచి సంతోషించిన ఇల్లాలిలో, పాపి మారుమనస్సు పొందినప్పుడు దేవదూతల ఎదుట కలిగే ఆనందాన్ని చూపించారు. అయితే ప్రతి సంఘటనలోనూ, ముఖ్యంగా ఇతరుల కష్టంలో, దేవుని తీర్పును చదవకండి. యెరూషలేములోని సిలోయము అనే చోట గోపురం కూలి మరణించిన 18 మంది మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని ప్రభువే చెప్పారు (లూకా 13:4, 5). అందుచేత పనిలో తోచిన తలంపును, రాత్రి కొన్ని వచనాలైనా చదివి, వాక్యపు వెలుగులో పరీక్షించుకోండి.