కందుకూరు వైపు నుంచి ఎంఎస్సీకి: చదువుతో పాటు కాగితాలు కూడా ఇప్పుడే

మీరు కందుకూరు ప్రాంతంలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు. నాన్నగారు పొగాకు రైతు. అమ్మగారికి దూరం పంపడం ఇష్టం లేదు. పీజీసెట్ (మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) రాసి నెల్లూరులోనో ఒంగోలులోనో చేరాలా, లేక ఐఐటీలకూ కేంద్రీయ విశ్వవిద్యాలయాలకూ ప్రయత్నించాలా అని అడిగారు. ఈ మూడు చోట్లకూ ఉన్న ప్రవేశ పరీక్షలు మూడూ రాయండి. ఎక్కడ చేరాలన్నది సీటు చేతికి వచ్చాక ఆలోచించవచ్చు. నేను కొండపి దగ్గరి పల్లెలో పెరిగాను, మాదీ పొగాకు ఇల్లే. నాకు సీటు తప్పిపోయింది పరీక్షలో కాదు, ఒక్క కాగితం దగ్గర. మీరు అడగకపోయినా అది ముందు చెప్పాలి.

2013లో డిగ్రీ పూర్తవుతూనే ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష రాశాను. ఓబీసీ జాబితాలో పేరు వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలన రోజున ఇంటర్‌లో చేరినప్పటి నుంచీ వాడుతున్న కుల ధ్రువపత్రం చూపించాను. "ఇది మీ రాష్ట్రానిది. మాకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్‌లో (రిజర్వేషన్ వర్తించని సంపన్న వర్గంలో) లేరని రాసి ఉన్నది కావాలి" అన్నారు. అలాంటిది వేరే ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఐదు రోజుల గడువిచ్చారు. ఆ రాత్రే రైలెక్కి ఊరికి వచ్చాను.

మండల కార్యాలయంలో నాన్న ఆదాయం ఎంత అని అడిగారు. నాన్న దాచిపెట్టడం తెలియని మనిషి, వేలం కేంద్రంలో ఇచ్చిన పట్టీలన్నీ ముందు పెట్టారు. ఆ ఏడు రెండు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్ల) పొగాకు అమ్మాం. మొత్తం కూడితే ఆదాయ పరిమితి దాటిందని, ధ్రువపత్రం ఇవ్వడం కుదరదని అన్నారు. కట్టెలకు, కూలీలకు, కౌలుకు, ఎరువులకు పోయింది ఎంతో ఎవరూ లెక్క వేయలేదు. అసలు ఆ లెక్కే అవసరం లేదని తర్వాత తెలిసింది. ఓబీసీ క్రీమీలేయర్‌కు ఆదాయం చూసేటప్పుడు వ్యవసాయం మీద వచ్చేదీ, జీతం మీద వచ్చేదీ కలపకూడదు. మిగతా ఆదాయం వరుసగా మూడేళ్లు పరిమితి దాటితేనే అడ్డు. ఇప్పుడు ఆ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. తల్లిదండ్రుల ఉద్యోగ హోదాకూ, పెద్ద భూకమతాలకూ వేరే నియమాలున్నాయి కానీ నాలుగైదు ఎకరాల పొగాకు రైతుకు అవి తగలవు. ఈ సంగతి ఆ రోజు మాకు తెలియదు, చెప్పినవారూ లేరు. గడువు దాటింది, సీటు పోయింది. నాన్న ఆ పట్టీలు మడిచి సంచిలో పెట్టుకుంటూ "నేను ఎక్కువ అమ్మానా?" అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీరు ఏ వర్గానికి చెందినవారో రాయలేదు. బీసీ అయితే జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో మన రాష్ట్రానికి సంబంధించిన కేంద్ర జాబితా తెరిచి, మీ కులం పేరు అందులో ఉందో లేదో చూడండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు చేసేటప్పుడు "కుల ధ్రువపత్రం" అని కాకుండా "కేంద్ర ఓబీసీ ధ్రువపత్రం" అని అడగండి. చాలా సంస్థలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదాన్నే ఒప్పుకుంటాయి కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టాలి. అది వేలాల కాలం, నాన్నగారికి తీరిక ఉండదు. కావలసిన సంతకాలు ముందే చేయించి పెట్టుకోండి. ఏ రిజర్వేషన్‌లోకీ రాకపోతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల కోటా) చూడండి. అక్కడ లెక్క పూర్తిగా వేరు: వ్యవసాయ ఆదాయం కూడా కలుపుతారు, కుటుంబానికి 5 ఎకరాలు, అంతకు మించి సాగు భూమి ఉంటే అర్హత ఉండదు.

రెండో ఇబ్బంది ఒరిజినల్స్. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదని నేను చదివిన కాలేజీ నా ఇంటర్ మార్కుల జాబితా అట్టిపెట్టుకుంది. అది తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు తిరిగానో. 2018 అక్టోబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం విద్యాసంస్థలు ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి, ఏ సాకుతోనూ తమ దగ్గర ఉంచుకోకూడదు. మీవి కాలేజీలో ఉంటే ఈ నెలలోనే వెళ్లి, ఆ నోటిఫికేషన్ ప్రతి జతచేసి ప్రిన్సిపాల్‌గారికి అర్జీ ఇవ్వండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. గొంతు పెంచనక్కర లేదు. రాతపూర్వకంగా అడిగితే జవాబు మారుతుంది.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐఐటీల ఎంఎస్సీకి జామ్: దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా దాని ద్వారానే ఎంఎస్సీలో చేర్చుకుంటోంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీసెట్. కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్రకేసరి దాని కిందకే వస్తాయి. మూడింటి కెమిస్ట్రీ సిలబస్ చాలావరకు ఒకటే కాబట్టి జామ్‌కు గట్టిగా చదివితే మిగతావి భారం కావు. జామ్‌లో ఒకే జవాబు ఉండే ప్రశ్నలకు తప్పు రాస్తే మార్కులు పోతాయి, లెక్క చేసి అంకె రాసే ప్రశ్నలకు పోవు. ఆ అంకెల ప్రశ్నల మీద ఎక్కువ కూర్చోండి. మీరు ఇంటర్‌లో బైపీసీ అయితే ఒక జాగ్రత్త: కొన్ని ఐఐటీలు కెమిస్ట్రీకి కూడా గణితం చదివి ఉండాలని అడుగుతాయి. ఒక్కో సంస్థ అర్హతల పేజీ విడిగా చదవండి.

పీజీసెట్ వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ ముందు కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే వరుస) మాత్రం మీ చేత్తో మీరే పెట్టండి. మా పిన్నిగారి అమ్మాయి నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డు చెప్పి ఇంటికి వచ్చేసింది. తాను ఎన్నడూ వినని కాలేజీలో సీటు వచ్చింది. ముందు పీజీసెట్‌లో సీటొస్తే ఫీజు కట్టి చేరండి, భయం లేదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందు మానేస్తే కట్టిన ఫీజు దాదాపు మొత్తం తిరిగి ఇవ్వాలని ఆ 2018 నోటిఫికేషనే చెబుతోంది. రసీదు పారేయకండి.

సీటు పోయిన ఆ ఏడాది సింగరాయకొండలో ఒక బడిలో సైన్సు చెప్పాను. సాయంత్రాలు మళ్లీ చదివాను. 2014 ఏప్రిల్ మొదటి వారంలోనే, నియమం అచ్చు వేయించి చూపించి, సరైన ధ్రువపత్రం తీసుకున్నాను. అదే విశ్వవిద్యాలయంలో అదే సీటు వచ్చింది.

అమ్మగారి భయం గురించి. మా అమ్మ కూడా ఒప్పుకోలేదు. వాదించలేదు నేను. చేరే రోజున వెంట తీసుకువెళ్లాను. రాత్రి సింగరాయకొండలో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో ఉన్నాం. హాస్టల్ గది, మంచినీళ్ల కుళాయి, మెస్సులో అన్నం, గేటు దగ్గర కాపలా అన్నీ తానే చూసింది. పక్క గదిలో పొదిలి అమ్మాయి ఉందని తెలిశాక ఆమెతో గంటసేపు కూర్చుని మాట్లాడింది. సాయంత్రం తిరుగు రైలెక్కేటప్పుడు నాతో ఒకటే అంది: పండక్కి టికెట్టు ముందే తీసుకోమని.