సర్టిఫికెట్లున్నాయి, కొత్త ఆలోచనలేవి?

ప్రశ్న: మా కంపెనీలో ఏడాది పొడవునా ఆన్‌లైన్ శిక్షణలే. వీడియో చూడటం, పరీక్ష రాయడం, సర్టిఫికెట్ తీసుకోవడం. ‘కలిసి పనిచేయండి, కొత్తగా ఆలోచించండి’ అంటారు. కొత్తగా ఏదీ పుట్టదు. లోపం ఎక్కడుందండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీలో మాత్రం లేదమ్మా. వీడియో చూస్తే విషయం తెలుస్తుంది, పని రాదు.

అమెరికాలోని 3ఎం కంపెనీ సంగతి వినండి. 1968లో అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్‌కి గట్టిగా పట్టుకోని జిగురు తయారైంది. దాంతో ఏం చేయాలో ఆయనకే తోచలేదు. అయినా దాచుకోలేదు, ఏళ్ల తరబడి తోటివాళ్లకి చెబుతూనే పోయాడు. విన్నవాళ్లలో మరో విభాగపు ఆర్ట్ ఫ్రై ఉన్నాడు. ప్రార్థన గీతాల పుస్తకంలోంచి జారిపోతున్న కాగితపు గుర్తులకి ఆ జిగురు రాస్తే సరి అని 1974లో ఆయనకి తట్టింది. అంటించి తీసేసే చిన్న కాగితాలు ‘పోస్ట్-ఇట్’ అలా పుట్టి, 1980లో అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. పన్నెండేళ్లు! మీ మేనేజర్లు మూడు నెలల్లో అడుగుతారేమో. పైగా అక్కడి సాంకేతిక సిబ్బంది పనివేళల్లో 15 శాతం సొంత ఆలోచనలకి వాడుకోవచ్చు. మీకు గంటైనా ఇచ్చారా?

నేర్పడం టయోటాని చూసి తెలుసుకోవాలి. లోపం కనబడితే కార్మికుడే లైన్ పక్కనున్న హెచ్చరిక తాడు లాగుతాడు, పైఅధికారి సాయానికొస్తాడు. 1984లో కాలిఫోర్నియాలో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి, ఆ కంపెనీ మూసేసిన ఫ్యాక్టరీని తెరిచినప్పుడు, అక్కడి పాత కార్మికుల్నే తీసుకుని, కొందరిని జపాన్ పంపి, లైన్ మీదే పని నేర్పించారు. నాణ్యత బాగుపడింది.

ఈసారి శిక్షణకి పిలిస్తే, వీడియో బదులు పక్క విభాగంవాళ్లతో ఓ పూట కూర్చోబెట్టమనండి. ముందుంచేది నిజంగా వేధిస్తున్న సమస్యై ఉండాలి. సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా చెప్పండి.