పేరు పెట్టే ముందు విప్పి చూడు

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన పరీక్ష పేపరు చూశాను. (య + 1)³ = య³ + 7 వర్గ సమీకరణమా కాదా అని అడిగితే, కాదు, ఘన సమీకరణం అని రాశావు. ముప్పై ఏళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పాను. ఇక్కడ తడబడని పిల్లలు తక్కువ, దిగులు పడకు.

నీ పేపరులోని ఇంగ్లీషు అక్షరానికి బదులు నేను 'య' రాస్తున్నాను. మన పూర్వులు తెలియని రాశిని యావత్తావత్ అనేవారు, అంటే ఎంతయితే అంత. లెక్కలో 'యా' అని మాత్రం రాసుకునేవారు. రెండోది ఉంటే కాలక, ఆ తర్వాత నీలక, పీతక అని రంగుల పేర్లు.

ఇక లెక్క. ఎడమ వైపు విప్పితే య³ + 3య² + 3య + 1. రెండు వైపులా య³ ఉంది, కొట్టేయి. 7ను ఇటు తెచ్చి 3తో భాగించు. మిగిలేది య² + య − 2 = 0. ఇది వర్గ సమీకరణమే! మూలాలు 1, −2. మొదటి రూపంలో ప్రతిక్షేపించి చూడు, రెండూ సరిపోతాయి.

అన్నీ ఒక వైపుకు తెచ్చి, సజాతి పదాలు కలిపాక మిగిలిన అతి పెద్ద ఘాతమే పేరు చెబుతుంది. 1 అయితే రేఖీయం, 2 అయితే వర్గం, 3 అయితే ఘనం. య(య + 3) = య² + 12 చూడటానికి వర్గంలా ఉన్నా 3య = 12 అవుతుంది, రేఖీయం. (య + 1)² = య² + 2య + 1లో అన్నీ కొట్టుకుపోతాయి. అది సర్వసమీకరణం, య ఎంతయినా నిజమే. దానికి మూలాలు వెతుకుతూ పరీక్షలో సమయం పోగొట్టుకోకు.

తెలియని రాశులు ఎన్నో కూడా లెక్కపెట్టు. 2య + 3క = 12 రెండు చరరాశులలో రేఖీయ సమీకరణం, గ్రాఫు గీస్తే సరళరేఖ. కానీ యక = 6లో రెండూ గుణించుకున్నాయి కాబట్టి రేఖీయం కాదు. 1150 నాటి భాస్కరాచార్యుడి బీజగణితంలో ఈ రకానికి భావితం అని విడిగా పేరుంది.

అక్కడే వర్గ సమీకరణాల పద్ధతికి ఉన్న పేరు మధ్యమాహరణం, మధ్య పదాన్ని తొలగించడం. నాకు ఎంతో ఇష్టమైన పేరు. నీ లెక్కలోనే చూడు: య² + య = 2ను 4తో గుణించి, రెండు వైపులా 1 కలుపు. (2య + 1)² = 9 అవుతుంది. మధ్యలో ఉన్న 'య' వర్గంలో కలిసిపోయింది. ఇక 2య + 1 విలువ 3 గానీ −3 గానీ.

హారంలో య ఉంటే, ముందు హారం తీసేశాకే పేరు పెట్టు. య + 1/య = 5/2 ఏ రకమో, ఎందుకో రాసి ఆదివారం లోపు పంపు. 'య' సున్నా కాకూడదని రాయడం మరిచిపోకు.

మీ తాతయ్య