ఆరు నెలల డిప్లొమాతో ఎంబ్రియాలజిస్టు అయిపోతారా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాలుగు ఆవులు, కొంచెం టమాటా సేద్యం. మా పాప తిరుపతిలో బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతోంది. పిల్లలు లేనివాళ్ల కోసం పచ్చి అండాలను ల్యాబులో పక్వం చేస్తారట, ఆ పని నేర్చుకుంటానంటోంది. ఒక సంస్థవాళ్లు ఆరు నెలల డిప్లొమాకు మూడు లక్షలు అడుగుతున్నారు. డాక్టరు చదవకుండా ఈ పని చేయనిస్తారా? డబ్బు కట్టొచ్చా సార్?

జవాబు: డబ్బు మాత్రం కట్టకండి. ఎంబ్రియాలజిస్టు (ల్యాబులో అండాలు, పిండాల పని చూసేవాళ్లు) కావడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, కానీ ఆరు నెలల కాగితం సరిపోదు.

పాప చెప్పే పనిని ఐవీఎం అంటారు. మామూలు ఐవీఎఫ్‌లో, అంటే టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతిలో, ఆడమనిషికి రోజూ హార్మోన్ ఇంజక్షన్లు ఇచ్చి, అండాలు లోపలే పక్వమయ్యాక బయటికి తీస్తారు. ఐవీఎంలో ఇంజక్షన్లు చాలా తక్కువ, కొన్నిసార్లు అసలు ఉండవు. అండాలను పచ్చిగానే తీసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. పక్వమైన అండం పక్కన ధ్రువకణం అనే చిన్న బుడగ కనిపిస్తుంది. అది చూశాకే వీర్యకణంతో కలుపుతారు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లకు ఎక్కువ ఇంజక్షన్లతో అండాశయాలు ఉబ్బి ప్రాణం మీదకు వచ్చే ముప్పు ఉంది, అలాంటివాళ్లకు ఇది పనికొస్తుంది. క్యాన్సర్ చికిత్స వెంటనే మొదలుపెట్టాల్సిన అమ్మాయిల అండాలు దాచడానికి కూడా.

మీకు ఆవులున్నాయి కాబట్టి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎదకొచ్చిన ఆవుకు చూలు కట్టడానికి సూది వేయించడం మీకు మామూలే కదా. ల్యాబులో అండాలను పక్వం చేయడం కూడా పశువుల్లో ఎప్పటినుంచో జరుగుతున్న పనే. కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోంచి అండాలు తీసి, ఒక రోజు ల్యాబులో ఉంచితే పక్వమవుతాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో టెస్ట్‌ట్యూబ్ గేదె దూడ పుట్టింది. మనుషుల్లో ఈ పద్ధతితో తొలి కాన్పు వార్త 1991లో దక్షిణ కొరియా నుంచి వచ్చింది. అయినా మనుషుల్లో ఐవీఎం ఇప్పటికీ కొద్దిచోట్లే చేస్తారు, ఎందుకంటే ఒక్కో ప్రయత్నానికి గర్భం నిలిచే అవకాశం మామూలు ఐవీఎఫ్ కంటే తక్కువ. అందుకని పాపకు ఒక మాట చెప్పండి: ఐవీఎం ఒక్కటే చేసే ఉద్యోగం అంటూ విడిగా ఉండదు. ఉద్యోగం పేరు ఎంబ్రియాలజిస్టు, అందులో ఇదొక పని.

ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద 2021లో ఏఆర్‌టీ చట్టం వచ్చింది. దాని కింద 2022లో తెచ్చిన నిబంధనల్లో ఎంబ్రియాలజిస్టుకు ఏ చదువు, ఎన్నేళ్ల అనుభవం ఉండాలో రాశారు. క్లినికల్ ఎంబ్రియాలజీలో రెండేళ్ల పూర్తికాలం పీజీ చేసినా, ఆపైన మూడేళ్లు మనుషుల అండాలు, పిండాల మీద ల్యాబులో పనిచేసి ఉండాలి. అప్పటిదాకా జూనియర్‌గానే, జీతమూ అలాగే ఉంటుంది. ఈ లెక్కలో ఆరు నెలల డిప్లొమాకు చోటెక్కడ? కొన్నేళ్ల కిందట ఇలాంటి కోర్సుకు ఒకబ్బాయిని నేనే పంపాను. మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది తక్కువ, ప్రొజెక్టర్‌లో బొమ్మలు చూపించింది ఎక్కువ. వాళ్ల నాన్న బజార్లో ఎదురైతే నాకు ఇప్పటికీ మొహం చెల్లదు.

మణిపాల్‌లో ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ ఉంది. ఫీజు తక్కువేం కాదు, కానీ ఆ మూడు లక్షలు అందులో పెడితే అర్థముంది. అంత దూరం, అంత ఖర్చు వద్దనుకుంటే ఏపీ పీజీసెట్ రాసి ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ గానీ, పద్మావతి మహిళా యూనివర్సిటీలో బయోటెక్నాలజీ గానీ చదవొచ్చు. కాకపోతే అది చుట్టుదారి, ఆ తర్వాత ఎంబ్రియాలజీ విడిగా నేర్చుకోవాలి. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ కూడా ఉంది. పశువుల డాక్టర్లు కూడా ఎంబ్రియాలజీలో పీజీ చేసి ఈ రంగంలోకి రావొచ్చు. కానీ మళ్లీ నీట్ రాసి ఐదున్నరేళ్లు చదవమని ఈ వయసులో నేను చెప్పను.

ఎక్కడైనా పీజీకి ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. తిరుపతిలోని ఏదైనా ఐవీఎఫ్ సెంటర్‌లో ఎంబ్రియాలజిస్టును కలిసి అరగంట మాట్లాడమనండి. ల్యాబు లోపలికి రానివ్వరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. అండం మిల్లీమీటర్‌లో పదోవంతు ఉంటుంది. దాన్ని పైపెట్ అనే సన్నని గొట్టంతో రోజంతా అటూ ఇటూ మార్చడం, ఆదివారం, పండగ అనకుండా డ్యూటీకి వెళ్లడం, అండాలుంచే డిష్ మీద పేరు తప్పు పడకూడదన్న టెన్షన్, ఇవన్నీ అడగమనండి. అవన్నీ విని ఇంటికొచ్చాక కూడా పాప ఇదే చదువుతానంటే, మణిపాల్ దరఖాస్తు తేదీలు చూసుకుని నాకు మళ్లీ రాయండి.