టెయిల్ పినియన్ సీల్ మార్చాక మోత మొదలైందా? క్రౌన్ పినియన్ సెట్ మార్చే ముందు ఇది చదవండి

ప్రశ్న: నమస్తే అండి. నా ఫోర్ బై ఫోర్‌కి ఇరవై రెండేళ్లు. వెనక డిఫరెన్షియల్ ముందు వైపు ఆయిల్ కారుతోందని టెయిల్ పినియన్ సీల్ మార్పించాను, అది అయిన రెండు మూడు నెలలకి 60 స్పీడు దాటితే చాలు వెనకనుంచి గుయ్యిమని మోత. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలేస్తే ఇంకోలా వినిపిస్తుంది. రివర్స్ వేసి క్లచ్ వదిలితే కింద టక్ మంటుంది. ఒక మెకానిక్ బేరింగులు వేస్తే చాలంటాడు, ఇంకొకాయన క్రౌన్ పినియన్ సెట్ మొత్తం మార్చాలంటాడు, మూడో ఆయన ఈ గొడవంతా ఎందుకు సెకండ్ హ్యాండ్ డిఫరెన్షియల్ తెచ్చి బిగించేద్దాం అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇప్పటికైతే ఎవరి మాటా వినకండి, ముగ్గుర్లో ఒక్కరు కూడా ఇంకా దాన్ని విప్పి చూడలేదు కదా. మీరు రాసిందాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది మోత కంటే ముందు జరిగిన ఆ సీల్ పని. పినియన్ అంటే ఇంజన్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, చక్రాలు తిరిగేది దానివల్లే. చాలా బళ్లలో పినియన్ రెండు బేరింగుల మధ్య నలిగే రకం స్పేసర్ ఒకటి ఉంటుంది, నట్టు బిగిస్తుంటే అది కొద్దికొద్దిగా నలుగుతూ బేరింగుల మీద సరిగ్గా కావలసినంత ఒత్తిడి నిలబెడుతుంది. సీల్ మార్చాలంటే ఆ నట్టు విప్పక తప్పదు. తెలిసినవాళ్లు విప్పే ముందు నట్టుకీ షాఫ్ట్‌కీ గుర్తు పెట్టుకుని, పినియన్ ఎంత బిగువుగా తిరుగుతోందో చిన్న టార్క్ రెంచ్‌తో చూసి రాసుకుని మళ్లీ అక్కడికే తెస్తారు. ఇంపాక్ట్ గన్ పెట్టి గ్ర్ర్ మని బిగించేస్తే స్పేసర్ ఎక్కువ నలిగిపోతుంది, బేరింగులు వేడెక్కి కొన్నాళ్లకే అరిగిపోతాయి. తక్కువ బిగిస్తే పినియన్ ముందుకీ వెనక్కీ కదులుతూ తొక్కినప్పుడొక మోత వదిలినప్పుడొక మోత. మీది ఈ రెంటిలో ఏదో ఒకటని నా అనుమానం. ఎక్కువ బిగిసిన నట్టుని కొంచెం వెనక్కి తిప్పితే సరిపోతుందనుకోకండి, ఒకసారి నలిగిన స్పేసర్ మళ్లీ పొడుగవ్వదు, కొత్తది వేయాల్సిందే.

అయినా డిఫరెన్షియల్ మీద నేరం మోపే ముందు మిగతావాళ్లని కూడా విచారించాలి. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ నడపండి, ఒక పక్కకి వంగినప్పుడు మోత పెరిగి ఇంకో పక్కకి తగ్గితే అది వీల్ బేరింగ్ కావచ్చు. మంచి పట్టున్న మడ్ టైర్లు కూడా అచ్చం డిఫరెన్షియల్ లాగే ఏడుస్తాయి, కాకపోతే తొక్కినా వదిలినా వాటి స్వరం మారదు, రోడ్డు మారితే మారుతుంది. టక్ అనే శబ్దానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, అంటే దాని కీళ్లు, చూడండి, అరిగిన క్రాస్‌కి పాపం ఎంతమంది డిఫరెన్షియల్ విప్పించుకున్నారో. వంపులు తిరిగేటప్పుడు మాత్రమే శబ్దం వస్తే అది క్రౌన్ పినియన్ కాదు, లోపల కేజ్‌లో ఉండే చిన్న స్టార్ పినియన్లు, వాటి వాషర్లు. బండి తిన్నగా పోతున్నంతసేపూ అవి వాటి ఇరుసు మీద తిరగవు, మలుపులోనే పని చేస్తాయి.

ఇవన్నీ అయ్యాక ఆయిల్ తీసి చూడండి. డ్రెయిన్ బోల్ట్ ముట్టుకునే ముందు పైన నింపే బోల్ట్ ఊడుతుందో లేదో చూసుకోవాలి, కిందది విప్పి ఆయిలంతా పారబోశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి ఇక అక్కడే. డ్రెయిన్ బోల్ట్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉండటం మామూలే, గోటికి గీసుకునేంత రేకులు, ముక్కలు కనిపించాయంటే మాత్రం ఆ బండి ఇంక తిప్పకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. విప్పాక గేర్ల పళ్లని గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. పళ్లు నున్నగా మెరుస్తూ ఒకే తీరుగా ఉంటే మీ మొదటి మెకానిక్ గెలిచినట్టే, బేరింగులు సీళ్లు స్పేసర్ కొత్తవి వేసి ఆ గేర్లే మళ్లీ వాడుకోండి. పళ్ల మీద గుంటలు, పొక్కు లేచిన చోట్లు, అంచు విరగడం, వేడికి నీలం రంగు తిరగడం ఇలాంటివి ఉంటే రెండో ఆయన చెప్పింది నిజం. అప్పుడు క్రౌన్, పినియన్ రెండూ కలిపే మార్చాలి. ఫ్యాక్టరీలో ఆ రెంటినీ ఒకదానితో ఒకటి రుద్ది జత చేస్తారు, చాలావాటి మీద జత నంబరు కూడా చెక్కి ఉంటుంది, ఒక బండి క్రౌన్ తెచ్చి ఇంకో బండి పినియన్‌తో కలిపితే ఆ కాపురం నిలవదు.

పాత గేర్లే వాడుతున్నప్పుడు చాలామంది చేసే తప్పు ఏంటంటే విప్పే ముందు ఏదీ కొలవరు. పళ్ల మధ్య ప్లే, అంటే వదులు, ఎంతుందో డయల్ గేజ్‌తో చూసి రాసుకోండి. చాలా బళ్లకి ఇది 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఇస్తారు, అంటే రెండు మూడు వెంట్రుకల మందం అన్నమాట, కొత్త గేర్లకైతే మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి. పాతవైతే, చాలా ఏళ్లు కలిసి తిరిగిన పళ్లు వాటి దారి అవే అరగదీసుకుని ఉంటాయి కాబట్టి ఆ పాత ప్లే, పాత షిమ్ (గేర్ల దూరం సర్దడానికి పెట్టే పలుచటి రేకు) మందం దగ్గరే మళ్లీ పెట్టాలి, పుస్తకంలో ఉందని కొత్త అంకెకి లాగితే బాగున్న గేర్లు కూడా మోత మొదలెడతాయి. ప్లే ఒక్కచోట కాదు, క్రౌన్ తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి. ఇంకోటి, బేరింగ్ క్యాపులకి ఎడమా కుడీ, పైనా కిందా గుర్తు కొట్టుకోండి, వాటిని హౌసింగ్‌తో (బయటి గుల్లతో) కలిపే బోరు చేస్తారు, తారుమారైతే బేరింగ్ కుదురుగా కూర్చోదు.

కొత్త సెట్ అయితే పని ఇంకా సున్నితం. పళ్లకి మార్కింగ్ రంగు పూసి, క్రౌన్‌ని కాస్త ఆపుతూ తిప్పి, పడిన ముద్ర చూడాలి. ముద్ర పంటి శిఖరం మీద పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, దగ్గరికి జరపాలి. పంటి మొదట్లో లోతుగా పడితే మరీ దగ్గరైనట్టు, వెనక్కి జరపాలి. ముద్ర పంటి లోపలి చివరకి (క్రౌన్ మధ్య వైపుకి) పోతే క్రౌన్‌ని పినియన్ నుంచి కాస్త దూరం జరపాలి, బయటి చివరకి పోతే దగ్గరికి తేవాలి. ఒకటి మారిస్తే రెండోది కదులుతుంది, అందుకే షిమ్ మార్చడం బిగించడం చూడటం మళ్లీ విప్పడం, నాలుగైదు సార్లయినా విసుక్కోనివాడి చేతికే ఈ పని ఇవ్వాలి. మీ మెకానిక్‌ని ముద్ర చూపించమని అడగండి. "అదంతా అక్కర్లేదండి, చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది" అన్నాడంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

మూడో ఆయన సలహా కూడా తీసిపారేయలేం, కాకపోతే అది మీ యాక్సిల్ ఏ రకమో దాన్ని బట్టి ఉంటుంది. కొన్నింట్లో క్రౌన్, పినియన్, బేరింగులు అన్నీ కలిపి ఒక ముద్దలా ముందుకి ఊడొస్తాయి, పాత ల్యాండ్ రోవర్లు, చాలా టయోటా బళ్లు ఈ రకమే. బాగున్న ముద్ద దొరికితే సెట్టింగ్ గొడవ లేకుండా సగం రోజులో పని అయిపోతుంది. డానా 44 అనే యాక్సిల్ లాంటి వాటిలో వెనక మూత మాత్రమే ఊడుతుంది, సెట్టింగ్ అంతా హౌసింగ్ లోపలే చేయాలి, అక్కడ సెకండ్ హ్యాండ్ అంటే యాక్సిల్ మొత్తం మార్చడమే. ఏదైనా సరే మూత తీసి పళ్లు చూడకుండా, చేత్తో తిప్పకుండా కొనొద్దు. మీ విషయంలో నా మొగ్గు మాత్రం మొదటాయన వైపే.

ప్రశ్న: వెనకది పాడైతే వేరే బండిది డిఫరెన్షియల్ తెచ్చి వేశాను సార్. టూ వీల్‌లో బ్రహ్మాండంగా ఉంది. మొన్న బురదలో ఫోర్ వీల్ వేశాను, గట్టి రోడ్డెక్కాక బండి బిగదీసుకుపోయింది, టైర్లు కీచుమంటున్నాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ బయటికి రావట్లేదు. ఎందుకిలా?

జవాబు: ముందూ వెనకా రేషియోలు కలవలేదు, పందెం కాస్తా. రేషియో అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ఉదాహరణకి ముందు 4.10, వెనక 3.73 అనుకోండి. చుట్టుకొలత 2.3 మీటర్ల టైరుకి ఒక కిలోమీటరులో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనకదానికంటే దాదాపు 160 చుట్లు ఎక్కువ తిరగాలి, కానీ ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, మధ్యలో డిఫరెన్షియల్ లేని రకమైతే, ఆ రెంటినీ కలిపి తాళం వేసేస్తుంది. బురదలో టైరు జారి సర్దుకుంటుంది, గట్టి రోడ్డు మీద జారే వీలు లేక ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. రేషియోలు కలిసిన బండిని కూడా పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో పెట్టి ఆరిన తారు రోడ్డు మీద తిప్పకూడదు, మీదైతే ఇంక చెప్పక్కర్లేదు. ఇప్పటికి తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ పోనిచ్చి లివర్ లాగి చూడండి, రాకపోతే మిగతా చక్రాలకి అడ్డం పెట్టి ఒక చక్రం జాకీ మీద లేపితే మెలి విడిపోతుంది. రేషియోలు కలిసేదాకా మళ్లీ ఫోర్ వీల్ వేయొద్దు.

రేషియో తెలుసుకోవడం తేలికే. విప్పి ఉంటే పళ్లు లెక్కపెట్టండి, క్రౌన్‌కి 41 పినియన్‌కి 10 ఉంటే 4.10. బండి మీదే ఉంటే, మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ అయితే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రం నేల మీదే ఉంచి రెండోదాన్ని లేపి రెండు చుట్లు తిప్పండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. లేచిన బండి కింద స్టాండ్ లేకుండా దూరకండి. 4.10కి 4.11 కలిసిందంటే భయం లేదు, టైర్ల అరుగుదలలో తేడానే అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఈసారి కొనేటప్పుడు యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్ల (చివర ఉండే గాడుల) సంఖ్య కూడా సరిపోల్చుకోండి.

ప్రశ్న: కొత్త క్రౌన్ పినియన్ వేయించా. ఏ ఆయిల్ పోయాలి, ఎలా నడపాలి?

జవాబు: ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు బాగా జారతాయి కూడా, అందుకే ఎక్కువ ఒత్తిడి తట్టుకునే జీఎల్-5 రకం ఆయిల్ కావాలి, మందం చాలా బళ్లకి 80డబ్ల్యూ-90. మిగిలింది కదా అని అదే ఆయిల్ గేర్‌బాక్స్‌లో పోయకండి, దానికి మాన్యువల్‌లో ఏది రాస్తే అది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా పట్టి ఉంచే రకం) డిఫరెన్షియల్ అయితే ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ కావాలేమో చూసుకోండి. మొదటి రోజు పాతిక ముప్పై కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా రెండు మూడుసార్లు. మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ లాగొద్దు, ఆ తర్వాత ఆయిల్ మార్చేయండి. నీళ్లలో దిగే అలవాటుంటే యాక్సిల్ బ్రీదర్‌ని (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారిని) ముందు శుభ్రం చేయించండి. అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కక్కుతుంది, వేడి యాక్సిల్ చల్లటి నీళ్లలో మునిగితే అదే సీళ్ల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే ఆ రోజే మార్చండి.