మీడియం క్లాస్ డ్రోన్ సర్టిఫికెట్‌కు అంత ఖర్చు పెట్టాలా?

సిరోంచ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: స్మాల్ క్లాస్ డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ ఉంది, అప్పు చేసి మీడియం క్లాస్ కూడా చేయమంటారా అని. చేలల్లో మందు కొట్టడమే నీ పని అయితే ఇప్పుడే వద్దు తమ్ముడూ.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల వరకు స్మాల్, ఆపైన 150 వరకు మీడియం. ట్యాంకులో మందు, బ్యాటరీ అన్నీ కలిపే ఈ బరువు. మిరప, పత్తి చేలల్లో తిరిగే 10 లీటర్ల డ్రోన్లు చాలావరకు నిండు ట్యాంకుతో కూడా 25 లోపే ఉంటాయి. నీ సర్టిఫికెట్ ఎలాగూ 10 ఏళ్లు చెల్లుతుంది.

ఆ డబ్బుతో ముందు రెండు సెట్ల బ్యాటరీలు కొను. ప్రాణహిత ఒడ్డున ఒక మిరప తోటలో చూశాను. ట్యాంకు నిండుగా ఉంది, ఆకు కదలడం లేదు. పైలట్ మాత్రం బ్యాటరీ ఎప్పుడు చల్లారుతుందా, ఎప్పుడు చార్జింగ్ పెడదామా అని జనరేటర్ పక్కన కూర్చున్నాడు. తొమ్మిదయ్యేసరికి గాలి లేచింది, ఆ పూట పని పోయింది.

పెద్ద డ్రోన్ ఉన్నవాళ్లు పని ఖాయమని రాసిస్తే అప్పుడు చేరు. ఫీజు కట్టేముందు ఆ శిక్షణ సంస్థకు మీడియం క్లాస్‌కే డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ విభాగం) అనుమతి ఉందో లేదో కాగితం అడిగి చూడు.